నీటికుక్క, ఊద్‌బిలావ్, ఆరు గంటల చాయ్

ఇంటికి సున్నం వేయించాలంటే ముందు సామానంతా ఒక గదిలోంచి ఇంకో గదిలోకి మార్చాలి. మా ఇంట్లో ఉన్నవి రెండే గదులు కాబట్టి అది చెప్పినంత తేలిక కాదు. పోయిన నెల ఆ మార్పిడిలో, సజ్జ మీద అమ్మ బోర్లించిన ఇత్తడి బిందెల వెనక, ఒక అట్టపెట్టె బయటపడింది. గాజుల పెట్టె. పైన ఎర్రరంగుతో అచ్చేసిన హిందీ అక్షరాలు, పక్కన విరిగిన గ్లాసు బొమ్మ. లోపల బాపు పాత బనీను ముక్కలో చుట్టిన దుర్బీను. దానికి ఒక కన్ను పనిచేస్తుంది, ఇంకోటి పనిచేయదు. పనిచేసే కంటితో కిటికీలోంచి చూస్తే ఎదురింటి మేడ మీద ఆరేసిన లుంగీ గళ్ళతో సహా నా ముక్కు ముందుకొచ్చింది. కానీ నాకు లుంగీ పట్టలేదు. ఎక్కడినుంచో ఉప్పుబురద వాసన వచ్చింది. ఇలాంటి వాక్యాలు పెద్ద రచయితలు రాస్తే నమ్మబుద్ధేస్తుంది. నా విషయంలో అది ఆ బనీను ముక్క వాసన అయ్యుండే అవకాశం కూడా ఉంది.

మాది యాకుత్‌పురా, రైలు పట్టాల పక్క గల్లీ. బాపు అప్పట్లో ఆ స్టేషన్‌లోనే పాయింట్స్‌మన్. పచ్చజెండా, ఎర్రజెండా చంకలో పెట్టుకుని, రైలు రావచ్చంటే ఒకటి, వద్దంటే ఇంకోటి ఊపే ఉద్యోగం. ఇంట్లోనూ అదే పద్ధతి. అన్నం ఇంకొంచెం వేయమంటే కుడిచెయ్యి, చాలంటే ఎడమచెయ్యి, మాట మాత్రం ఉండేది కాదు. రోజు మొత్తానికి ఆయన నోరు తెరిచేది సాయంత్రం ఆరు గంటలకు. ఆరింటికి ఖాదర్ చాచా వచ్చేవాడు. చాచాకు లాడ్ బజార్‌లో గాజుల దుకాణం. ఆ వేళకు దుకాణం తమ్ముడికి అప్పగించి, పక్క గల్లీలో ఉన్న తన ఇంటికి వెళ్ళే ముందు మా గడప మీద కూర్చునేవాడు. ఆయన వచ్చిన సంగతి చూడకుండానే తెలిసేది. ముందు అత్తరు వాసన, దాని వెనకే లక్క కాగిన వాసన. ఆరింటి రైలు గోడలను వణికిస్తూ పోయేది, గూట్లో గ్లాసులు గలగలమనేవి, అమ్మ చాయ్ వడపోసేది. చాచా సాసర్‌లో పోసుకుని ఊదుకుంటూ జుర్రేవాడు. ఆ చప్పుడు రైలు చప్పుడు మీంచి కూడా వినిపించేది. నా చిన్నప్పుడు గడియారం లేకుండా మా ఇంట్లో టైము తెలిసేది ఈ రెండు చప్పుళ్ళతోనే. రెండింట్లో రైలే ఎక్కువసార్లు లేటయ్యేది.

ఖాళీ అయిన గాజుల పెట్టెలన్నీ చాచా మా ఇంటికే తెచ్చేవాడు. అవి గాజులు తయారయ్యే ఫిరోజాబాద్‌లో బయల్దేరి, లాడ్ బజార్‌లో ఆగి, మా సజ్జ మీద దిగేవి. అమ్మ మెంతులు, బాపు సర్వీసు కాగితాలు, నా పాత నోటుబుక్కులు, అన్నీ ఆ పెట్టెల్లోనే. మా ఇంట్లో పగిలే వస్తువంటూ పెద్దగా ఏదీ లేకపోయినా, ప్రతి పెట్టె మీదా జాగ్రత్త అని హిందీలో రాసి ఉండేది.

ఇక కుక్క సంగతి. అది నేను పుట్టకముందుది. బాపుకూ చాచాకూ ఇంకా పెళ్ళిళ్ళు కాని రోజుల్లో, బాపుతో పనిచేసే ఒకాయన పెళ్ళికని ఇద్దరూ కాకినాడ వైపు వెళ్ళారు. పెళ్ళివారు మర్యాదకొద్దీ మర్నాడు వీళ్ళను పడవెక్కించి కోరింగ మడ అడవిలో తిప్పారు. గోదావరి నీళ్ళు, సముద్రపు నీళ్ళు కలిసే చోట బురదలో మొలిచిన అడవి అది. పడవ అంచున వేయించిన చేపలు ఆకులో కట్టి పెట్టుకున్నారట. నీళ్ళలోంచి నల్లటి తల ఒకటి లేచి, వీళ్ళిద్దరి ముఖాలూ తీరిగ్గా చూసి, ఆకుతో సహా పొట్లం పట్టుకుపోయింది. అంతే కథ. భోజనం పోయిన బాధ ఇద్దరికీ సమానమే. తేడా వచ్చింది దొంగ ఎవరన్న దగ్గర. పడవవాడన్న మాట పట్టుకుని బాపు అది నీటికుక్క అంటాడు. చిన్నప్పుడు తల్లి వైపు తాత, తన నానా, చెప్పిన మాట పట్టుకుని చాచా అది ఊద్‌బిలావ్, అంటే నీళ్ళలో బతికే పిల్లి, అంటాడు. నాకు ఊహ తెలిసేనాటికి ఈ కేసు మొదలై చాలా ఏళ్ళయింది. వాయిదాలు వారానికి రెండు మూడు.

“ముఖం బిల్లీది, యాదగిరీ. మీసాలు బిల్లీయి. నా సొంత కండ్లతోని చూసిన,” అనేవాడు చాచా.

“మీసాలు నాకు గూడ ఉన్నయ్ ఖాదర్ భాయ్. గట్లని నేను పిల్లినా?” అనేవాడు బాపు.

మా బాపు మీసం గురించి ఒక మాట చెప్పాలి. మనిషి బక్కపలచన. యూనిఫాం లోపల ఆయన ఎక్కడున్నాడో వెతుక్కోవాలి. మీసం మాత్రం వెతుక్కోనక్కర్లేదు. రోజూ పొద్దున అద్దం ముందు చిన్న కత్తెరతో దాన్ని సరిచేసే పావుగంట సేపు అమ్మ కూడా ఆయన్ను ఏమీ అడిగేది కాదు.

ఈ కుక్కాపిల్లీ తగువు సరదాగానే ఇంకో ముప్పై ఏళ్ళు నడిచేది. చాచా పెద్దబిడ్డ మంగ్నీ రోజు, అంటే నిశ్చితార్థం నాడు, చెడింది. అప్పుడు నేను ఆరో తరగతి. కొత్త వియ్యంకుడి పక్కన కూర్చున్న బాపు, మాట్లాడటానికి ఇంకేమీ దొరక్క, ఈ కథ ఎత్తుకున్నాడు. వియ్యంకుడు బొజ్జ ఊగేలా నవ్వి, “క్యా ఖాదర్ సాబ్, కుత్తే కో బిల్లీ బోలే ఆప్?” అన్నాడు. కుక్కను పట్టుకుని పిల్లి అన్నారా అని. కొత్త వియ్యంకుడి ముందు చిన్నబోయిన మనిషికి పాత దోస్తు ఒక్కడే దొరుకుతాడు. చాచా అందరూ వినేలా అన్నాడు, “ఈయనకు ఎర్రజెండాకు పచ్చజెండాకు తేడా తెలుస్తదో లేదో అల్లాకెరుక. కుక్కకు పిల్లికి ఏం తెలుస్తది? రైళ్ళు వాటంతట అవే పోతున్నయ్.”

బాపు చేతిలో బిర్యానీ ముద్ద ప్లేటులోకి తిరిగి వెళ్ళిపోయింది. పాయింట్స్‌మన్‌ను ఇంకేమన్నా అనొచ్చు, జెండా మాట అనకూడదు.

“ఖాదర్ భాయ్, నేను తప్పయితే ఈ మీసం తీసేస్త. మరి నువ్వు తప్పయితే?”

“నీ ఇంట్ల చాయ్ ముట్ట. జిందగీల ముట్ట.”

“గంతేనా?”

“గంతే.”

మర్నాడు ఆరింటి రైలు వచ్చింది. గ్లాసులు గలగలమన్నాయి. అమ్మ అలవాటుగా నలుగురికి సరిపడా చాయ్ పెట్టింది. నాలుగో గ్లాసు మీద మీగడ కట్టింది. మూడు వారాలు అలాగే. బాపు అప్పటికే తక్కువ మాట్లాడేవాడు, ఇప్పుడు చేతులూ ఊపడం మానేశాడు. అమ్మ ఆయన కంచంలో ఎంత అన్నం వేయాలో తెలియక రోజూ ఎక్కువే వేసింది. నేను మాత్రం కూర్చుని ఈ పందెం గురించి ఆలోచించాను. బాపు గెలిస్తే చాచా ఇక మా గడప ఎక్కడు. చాచా గెలిస్తే బాపుకు మీసం ఉండదు. మీసం మళ్ళీ మొలుస్తుంది. చాచా మొలవడు. అందుకని కన్నబిడ్డనై ఉండి కూడా నేను లోపల్లోపల పిల్లి పక్షం చేరాను.

చివరికి అమ్మే తేల్చింది. “నా పానం తీయకుండ్రి. ఇద్దరూ పోయి, అదేం జంతువో దాన్నే అడిగి రాండ్రి.” బాపుకు రైల్వే పాస్ ఉంది. ఆయన ఒక్కడే వెళ్ళొస్తాడని గల్లీలో పుకారు లేచిన సాయంత్రమే చాచా మా గుమ్మం బయట నిలబడ్డాడు. లోపలికి రాలేదు. బాపు నాలుగడుగుల దూరంలో ఉన్నా నాతోనే మాట్లాడాడు. “బేటీ, మీ బాపుకు చెప్పు. ఒక్కడే పోతే ఆడ కుక్కనే చూసొస్తడు. నేను గూడ టికెట్ తీస్త.”

“శైలూ, ఆయనకు చెప్పు. ఆడోళ్ళను పేరు అడుగుతం. వాళ్ళు ఏమంటే గదే,” అన్నాడు బాపు.

“నక్కో, వద్దు! వాళ్ళు తెలుగోళ్ళు, నీ దిక్కే చెప్తరు. కండ్లతోని చూడాలె, చెవులతోని ఇనాలె. మొరిగితే కుక్క. మ్యావ్ అంటే పిల్లి.”

ఇంత న్యాయమైన షరతు ఏ కోర్టులోనూ పెట్టి ఉండరు. ఇద్దరూ ఒప్పుకున్నారు. అమ్మ నన్ను ముందుకు తోసి, “దీన్ని గూడ తోల్కపోండ్రి. మీ ఇద్దర్ల ఎవ్వరు అబద్ధమాడినా ఇదొచ్చి నాకు చెప్తది,” అంది. మా అమ్మ నా మీద పెట్టుకున్న నమ్మకాల్లో అదొకటి. పైగా నాకు తెలుగు, హిందీ, ఇంగ్లిషు మూడూ చదవడం వచ్చు. బాపుకు హిందీ మాట వచ్చు గానీ అక్షరం రాదు. స్టేషన్ బోర్డు మీద పేరు మూడు భాషల్లో ఉంటుంది కాబట్టి ఒకటి వస్తే చాలన్నది ఆయన లెక్క. చాచా చదవగలిగేది ఉర్దూ ఒక్కటే అని గల్లీ మొత్తానికి తెలుసు. ఆ విధంగా పదకొండేళ్ళకే నేను పంచాయితీ పెద్దనయ్యాను.

బయల్దేరే ముందు చాచా జుమ్మేరాత్ బజార్ పాతసామాన్లలో ఈ దుర్బీను వెతికి తెచ్చాడు. మలక్‌పేటలో గుర్రప్పందేలు చూసేవాళ్ళెవరిదో అయ్యుంటుంది, తోలు పట్టీ మీద గుర్రం ముద్ర ఉంది. కుడికన్ను లోపల బూజు. గాజుల పెట్టెలో పెట్టి, ఒళ్ళో పసిపిల్లలా పట్టుకుని రైలెక్కాడు. దారి పొడుగునా ఇద్దరూ నా మీదుగానే మాట్లాడుకున్నారు. “కిటికీ దించమని చెప్పు బేటీ.” “దించనని చెప్పు శైలూ.” అమ్మ కట్టిచ్చిన సర్వపిండి నేను సగం చేసి ఇద్దరికీ ఇచ్చాను. ఎదురెదురుగా కూర్చుని, ఒకరు ఈ కిటికీలోకి, ఇంకొకరు ఆ కిటికీలోకి చూస్తూ తిన్నారు. చేతిలో ముక్క అయిపోయాక ఇద్దరూ ఒకేసారి నా డబ్బా వైపు చూశారు. అది తప్ప ఆ ప్రయాణంలో వాళ్ళిద్దరికీ మరే ఏకాభిప్రాయమూ లేదు.

కోరింగ చేరేసరికి నీళ్ళు లేవు. ఇంత దూరం వచ్చింది నీళ్ళలో జంతువును చూడటానికైతే, అక్కడ మైళ్ళ కొద్దీ బురద తప్ప ఏమీ లేదు. పడవలన్నీ పక్కకు ఒరిగి పడుకుని ఉన్నాయి. మా పడవ సత్తిబాబు అనే ఆయనది. నడివయసు, ఎండకు కాగిన ముఖం, ప్రతి మాట చివరా “అండి”. “ఇప్పుడు పాటండి. నీరు తీసేసిందండి. మజ్జానం పోటొస్తాదండి, అప్పుడెల్దామండి,” అన్నాడు. పాటంటే సముద్రం వెనక్కి పోవడం, పోటంటే తిరిగి రావడం అని అప్పుడు తెలిసింది. రైలు లేటని విన్నాను గానీ సముద్రం లేటవడం నేను వినలేదు. “యాదగిరి గారూ, ఇలా నీడకి రండి,” అని సత్తిబాబు పిలిస్తే, బాపు వెనక్కి తిరిగి ఆ గారు ఎవరా అని చూశాడు.

కానీ ఆ బురదే నన్ను పట్టేసుకుంది. దూరం నుంచి చచ్చిపడి ఉన్నట్టున్నది, వంగి చూస్తే సంత. మడచెట్ల కింద నేలలోంచి వేలకొద్దీ వేర్లు పెన్సిళ్ళు చెక్కి గుచ్చినట్టు పైకి లేచి ఉన్నాయి. వాటి మధ్య వేలెడంత చేపలు, అవును చేపలే, రెక్కల మీద ఆనుకుని బురదలో టింగుటింగుమని గెంతుతున్నాయి. గోరంత పీతలు ఒంటికి మించిన ఒకే ఒక్క ఎర్రటి డెక్క పైకెత్తి దించుతున్నాయి. ఎత్తి దించుతున్నాయి. బాపు చాలాసేపు వాటినే చూశాడు. “శైలూ, ఇవి ఎర్రజెండా ఊపుతున్నయ్,” అన్నాడు. మూడు వారాల్లో ఆయన పందెంతో గానీ పంతంతో గానీ సంబంధం లేకుండా అన్న మొదటి మాట అది. చాచా కూడా విన్నాడు. నవ్వొచ్చి, దాన్ని దగ్గులోకి మార్చుకున్నాడు. బురద మొత్తం చిటపటలాడుతూ ఉంది, పెనం మీద చుక్కనూనె వేసినట్టు. నేను మోకాళ్ళ దాకా దిగిపోయాను. ఒక చెప్పు అక్కడే ఉండిపోయింది. ఈపాటికి అందులో ఎవరో కాపురం పెట్టే ఉంటారు.

మధ్యాహ్నం దాటాక నీళ్ళు వచ్చాయి. చప్పుడు లేదు, అల లేదు. కాసేపటి క్రితం పీతలు జెండాలూపిన చోట మోకాలి లోతు, తర్వాత నడుం లోతు. ఒరిగి పడుకున్న పడవ దానంతట అదే లేచి నిలబడింది. వెళ్తున్నాం, నిజంగానే వెళ్తున్నాం. సత్తిబాబు గెడ వేసి పడవను పాయలోకి తోశాడు. రెండు వైపులా చెట్లు దగ్గరకొచ్చాయి, వెలుగు పచ్చగా మారింది, ఊరి చప్పుళ్ళు వెనకెక్కడో ఆగిపోయాయి. యాకుత్‌పురాలో పుట్టిన నాకు రైలూ, అజానూ, కుక్కర్ కూతా, తగాదా, ఇవేవీ లేని గాలి ఎలా ఉంటుందో అప్పటిదాకా తెలియదు. చెవులు తమకు పని లేదేమోనని భయపడ్డాయి. అంతలో కొమ్మ మీదినుంచి నీలం రంగు లకుముకి పిట్ట ఒకటి రాయి విసిరినట్టు నీళ్ళలో పడి, చేపతో లేచింది. నేను కేక పెట్టాను. ఆ కేకకు అవతలి చెట్టు నిండా తెల్లగా పూసిన పువ్వులన్నీ లేచి ఎగిరిపోయాయి. అవి కొంగలు.

చాచా ముందే సత్తిబాబుకు గట్టిగా చెప్పాడు, మేము చూడబోయే జంతువు పేరు ఎత్తొద్దని. పాపం ఆయన మాట నిలబెట్టుకోవడానికి నోట్లో వేపపుల్ల పెట్టుకున్నాడు. కానీ మిగతా వాటి పేర్లు చెప్పొచ్చు కదా. మొద్దు మీద రెక్కలు ఆరబెట్టుకుంటున్న నల్లటి పక్షిని చూపించి అడిగాను.

“నీటికాకమ్మా.”

“కాకియేనా?”

“కాకి కాదమ్మా. నీటికాకి.”

చాచా పడవ ఊగేలా లేచాడు. “సునో! నీటికాకి కాకి కాదంట! మరి నీటికుక్క కుక్కెట్లయితది? పూఛో, మీ బాపుని అడుగు!”

బాపు ఆ పక్షిని మళ్ళీ ఒకసారి చూశాడు. నాకు మన భాష మీద మొదటిసారి అనుమానం వచ్చింది. నీళ్ళలో ఏ జీవి కనిపించినా, గట్టు మీది జంతువు పేరు తెచ్చి ముందు ‘నీటి’ అని తగిలించి చేతులు దులుపుకున్నారు మనవాళ్ళు. నీటికోడి, నీటికాకి, నీటిగుర్రం. ఆ గుర్రాన్ని చూసినవాడెవడూ గుర్రం అనడు. మెల్లగా “మరి నీ పిల్లి సంగతేందని అడుగు శైలూ,” అన్నాడు బాపు. గొంతులో జెండా సగమే ఎగిరింది.

పాయ మలుపు తిరిగింది. సత్తిబాబు గెడ ఆపేశాడు. వేపపుల్ల నోట్లోంచి పడిపోయింది. “అయిగోనండి, నీ...” అని, మిగతా మాట గుటుక్కున మింగి, వేలితో చూపించాడు.

నీళ్ళ మీద ఒక గీత వస్తోంది. కాదు, మూడు గీతలు. ప్రతి గీత ముందూ ఒక తల. నున్నగా, నూనె రాసి దువ్వినట్టు, చిన్న చెవులు, వెడల్పాటి మూతి. మా పడవకు ఇరవై అడుగుల దూరంలో మూడూ ఆగి, మెడలు నిలువునా పైకెత్తి మమ్మల్ని చూశాయి. మేము ముగ్గురం వాటిని చూశాం. దుర్బీను నా మెడలోనే వేలాడుతున్నా కళ్ళకు పెట్టుకోవాలని తోచలేదు. తర్వాత ఒకటి మునిగింది. ఎక్కడ లేస్తుందోనని నా కళ్ళు నీళ్ళంతా తుడిచేశాయి. లేచింది, చేతిలో చేపతో. అవును, చేతులే. రెండు చేతులా చేపను పట్టుకుని, వెల్లకిలా తేలుతూ, తలకాయ దగ్గర మొదలుపెట్టి కరకరా నమిలింది. మిగతా రెండూ బురదగట్టు ఎక్కి, స్కూలు వదిలిన పిల్లల్లా ఒకదాని మీద ఒకటి పడి దొర్లి, జారుడుబండ మీదిలా జర్రున నీళ్ళలోకి జారాయి. మళ్ళీ ఎక్కాయి. మళ్ళీ జారాయి. నాకు ఏడుపొచ్చేంత సంతోషంగా ఉంది. ఎందుకో తెలియదు. నా చేతులు ఒకటి బాపు చొక్కాను, ఇంకోటి చాచా కుర్తాను పట్టుకుని ఉన్నాయని తర్వాత చూసుకున్నాను.

“అదే! గదే ముఖం! మా చేపల దొంగ!” అని బాపు గుసగుసగా అరిచాడు.

“హౌ! వహీచ్, గదే!” అని చాచా కూడా అరిచాడు. అది నాతో కాదు, బాపుతో. ఇద్దరూ గమనించలేదు.

ఇక శబ్దం మిగిలింది. మొరగాలి, లేదా మ్యావ్ అనాలి. ముగ్గురం చెవులు చాచి కూర్చున్నాం. నేను మనసులో పిల్లికి మొక్కుకున్నాను. గట్టు మీది పెద్దది మా వైపు తిరిగి, నోరు తెరిచి, ఈల వేసింది.

ఈల. సన్నగా, పొడుగ్గా, పైస్థాయిలో. అవతలి పొదల్లోంచి ఇంకొకటి బదులు ఈల వేసింది. బాపు చెయ్యి, దాని పాటికి అది, చంకలోకి వెళ్ళి లేని పచ్చజెండాను వెతికింది. ఇన్నేళ్ళ ఉద్యోగం ఆయనకు నేర్పింది అదే, ఈల వినిపిస్తే జెండా తీయడం. మూడూ ఒక్కసారిగా నీళ్ళలోకి దూకి, మూడు గీతలై, చెట్ల వేర్ల మధ్యలోకి వెళ్ళిపోయాయి.

చాచా టోపీ సర్దుకున్నాడు. “మ్యావ్ అనలే,” అన్నాడు.

“మొరగలే,” అన్నాడు బాపు.

ఇద్దరూ తప్పయితే పందెం కొట్టుకుపోతుందని మీరు అనుకుంటారు. నేనూ అలాగే అనుకుని ఎగిరి గంతేయబోయాను. ఈ ఇద్దరితో అంత సులువు కాదు. తిరుగుదారిలో పడవలో జరిగిన సంభాషణ నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. “మాట మాటే. రేపొద్దుగాల్లనే మంగలి దుకాణం పోత,” అన్నాడు బాపు, మీసం చివర పట్టుకుని. “జబాన్ అంటే జబాన్. మీ ఇంట్ల చాయ్ నాకు హరామ్,” అన్నాడు చాచా. మూడు వారాల తర్వాత ఇద్దరూ నేరుగా మాట్లాడుకున్నారు. మాట్లాడుకుని, ఇక ఎప్పటికీ విడిపోవడానికి ఎంతో మర్యాదగా ఒప్పుకున్నారు. నిజాయితీపరులతో ఉండే చిక్కు అదే, వాళ్ళను ఎవరూ కాపాడలేరు.

పడవ దిగే చోట, మెట్ల పక్కన, తుప్పు పట్టిన బోర్డు ఒకటి ఉంది. పొద్దున బురద ధ్యాసలో ఎవరం చూడలేదు. మీద మేము చూసిన జంతువు బొమ్మ, చేప నోట కరుచుకుని. కింద తెలుగులో ‘నీటికుక్క’. దాని కింద హిందీలో ఒక వరుస. బాపు తెలుగు వరుస చదివాడు, కానీ సంతోషించలేదు. చాచా ముఖం ఇంకా వాడిపోయింది. “కింద ఏం రాసిన్రు శైలూ?” అన్నాడు బాపు.

హిందీలో ఇలా ఉంది, ‘శాంతి బనాయే రఖేఁ.’ శాంతిని నిలిపి ఉంచండి, అంటే జంతువులు బెదిరిపోతాయి, నిశ్శబ్దంగా ఉండండి అని. నేను ఆ వరుసను ఒకసారి చూశాను. నాలుగో గ్లాసు మీద కట్టిన మీగడ గుర్తొచ్చింది. ఎవ్వరు అబద్ధమాడినా ఇదొచ్చి నాకు చెప్తది అని అమ్మ అన్న మాటా గుర్తొచ్చింది. క్లాసులో పాఠం చదివే గొంతుతో, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి, గట్టిగా చదివాను.

“ఊ... ద్... బి... లా... వ్.”

ఇద్దరూ నిలబడిపోయారు.

“సర్కారోళ్ళే రాసిన్రు బాపూ. తెలుగుల కుక్క. హిందీల పిల్లి. ఒక్కటే జంతువు. మీరిద్దరు గెలిచిన్రు.”

బాపు చాచా వైపు చూశాడు. చాచా బోర్డు వైపు చూశాడు, చాలాసేపు. వేలితో గడ్డం గోక్కున్నాడు. తర్వాత, “సర్కార్ రాస్తే ఇంకేముంది యాదగిరీ. నడువు, చాయ్ తాగుదాం,” అన్నాడు. మెట్ల పైన బడ్డీలో మూడు చాయ్‌లు తీసుకున్నాం. అక్కడి చాయ్ వేన్నీళ్ళలా ఉంది. చాచా సాసర్ అడిగి, ఊదుకుని, యాకుత్‌పురా దాకా వినిపించేలా జుర్రాడు. నీటికుక్కలు మళ్ళీ ఈల వేశాయేమో, మాకు మాత్రం వినిపించలేదు.

ఇప్పుడైతే ఈ కథ జరగదు. ఫోన్లో నాలుగు అక్షరాలు కొడితే బొమ్మ, పేరు, గొంతు, అన్నీ వస్తాయి. తగువు చాయ్ చల్లారేలోపు తేలిపోతుంది. నేనూ కాలేజీలో చేరాక ఒకసారి కొట్టి చూశాను, భయంభయంగా. హిందీలో దాన్ని అనేది ఊద్‌బిలావే. అసలు అది కుక్కల జాతీ కాదు, పిల్లుల జాతీ కాదు, అది వేరే సంగతి. కానీ నేను పదకొండేళ్ళప్పుడు ఆడిన అబద్ధం నిజమై కూర్చుంది. నా జీవితంలో అలా జరిగింది ఆ ఒక్కసారే. మిగతావన్నీ దొరికిపోయాయి. అయినా ఒక్కోసారి అనిపిస్తుంది, నాలుగు సెకన్లలో తేలే తగువు కోసం ఎవరు రైలెక్కుతారు, ఎవరు సముద్రం తిరిగొచ్చేదాకా గట్టు మీద కూర్చుంటారు? మాకు తెలియకపోవడం వల్లే నేను ఆ మూడు గీతలను చూశాను. తెలిసిపోవడం వల్ల ఇప్పటి పిల్లలు ఏమేం చూడకుండా పోతున్నారో లెక్క కట్టే ఫోను ఇంకా రాలేదు.

దుర్బీను దొరికిన రోజు సాయంత్రం ఆరు దాటింది. రైలు పోయింది. బాపు రిటైరైనా ఆ రైలుకు ఒకసారి గుమ్మంలోకి వచ్చి నిలబడటం మానలేదు, మీసం నెరిసింది గానీ ఎత్తు తగ్గలేదు. ఖాదర్ చాచా మోకాళ్ళు పట్టుకుంటూ వచ్చి గడప మీద కూర్చున్నాడు. మంచం మీదున్న పెట్టె చూసి, “అరే, ఇదింకా ఉన్నదా!” అని ఒళ్ళోకి తీసుకున్నాడు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, పెట్టెను వెలుగుకు తిప్పి, ఎర్ర అక్షరాల మీద వేలు నడిపిస్తూ చదివాడు.

“‘కాంచ్ కా సామాన్. సంభాల్ కర్ ఉఠాయేఁ.’ గాజు సామాను, పైలంగ ఎత్తుండ్రి. మా ఫిరోజాబాద్ సేఠ్ డబ్బా.”

నా చేతిలో గిన్నె ఆగిపోయింది. “చాచా, నీకు హిందీ సదువొస్తదా?”

“క్యా బేటీ, ముప్పై ఏండ్లు గీ డబ్బాలే విప్పిన. ఎవరు చెప్తరు నాకు ఏ సైజు ఏ డబ్బాల ఉన్నదో? మీ బాపా?”

“మరి కోరింగల... ఆ బోర్డు?”

చాచా సాసర్‌లో చాయ్ పోసుకున్నాడు. తొందరేమీ లేదు. ఊదాడు. “ఏం రాసుండె బోర్డు మీద?”

“శాంతి బనాయే రఖేఁ.”

“మరి నువ్వేం చేసినవ్?” అన్నాడు. “గదే చేసినవ్ గద.” జుర్రుమని తాగి, ముఖం చిట్లించాడు. “షక్కర్ తక్కువైంది, ఇంకింత ఎయ్.”

లోపలినుంచి బాపు గొంతు వినిపించింది. “ఏంది గుసగుస?”

“ఏం లే యాదగిరీ. ఆ పిల్లి ముచ్చట.”

“కుక్క!” అంటూ బాపు గుమ్మంలోకి వచ్చాడు. చాచా సాసర్ కింద పెట్టి చేతులు పైకెత్తాడు. అమ్మ ఇద్దరి వైపూ చూసి, ఇది ఇప్పట్లో తేలేది కాదని, రెండోసారి చాయ్‌కి నీళ్ళు పెట్టింది.